మూర్ఛ, మునక, కట్టుబాటు: ఒక నీటి హెచ్చరిక చరిత్ర

మూర్ఛ వచ్చినవారు నీటి అడుగుకు దిగవచ్చా అన్న ప్రశ్న పైకి ఈ కాలపు ప్రశ్నలా కనిపిస్తుంది. వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్ అనే విద్య పుట్టి ఇంకా నూరేళ్లు నిండలేదు కాబట్టి అలా అనిపించడం సహజమే. అయితే ఆ ప్రశ్నలో ఉన్న భయం, అంటే ఉన్నట్టుండి స్పృహ తప్పే మనిషికి నీటివల్ల కలిగే ముప్పును గురించిన భయం, భారతీయ వైద్యం గ్రంథరూపం పొందిన తొలి కాలం నుంచీ ఉన్నదే. ఆ హెచ్చరిక వైద్యగ్రంథంలో ఎలా చోటు చేసుకున్నదీ, ఊళ్లలో కట్టుబాటుగా ఎలా నిలిచిందీ, ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాలలో మనుషుల ఒంటి మీద ఎలా రుజువైందీ, నీటిని దాటి పెళ్లి వరకూ పాకిన నిషేధాన్ని చట్టం చివరికి ఎక్కడ వెనక్కి తీసుకున్నదీ వరుసగా పరిశీలిస్తే, జాగ్రత్త ఎక్కడ న్యాయమో, వెలివేత ఎక్కడ అన్యాయమో స్పష్టమవుతుంది. సముద్రం లేని జహీరాబాద్ వంటి మెట్ట సీమ నుంచి మొదలుపెట్టడం ఈ పరిశీలనకు మేలు చేస్తుంది, ఎందుకంటే ఈ ముప్పుకు సముద్రం అక్కరలేదు, ఊరి బావి చాలు.

మంజీర సీమలో నీరు, మునక

జహీరాబాద్ హైదరాబాద్‌కు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం. నిజాం పాలనలో ఇది బీదర్ జిల్లాలోని తాలూకా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు తాలూకాలో చాలా భాగం మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాకు మారింది. తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ పక్కపక్కనే వినిపించే ఈ సీమకు తెలిసిన నీరు మోటబావిది, దిగుడుబావిది, చెరువుది, నారింజ వాగుది, మంజీర నదిది. పొరుగున ఉన్న బీదర్ శివారు నౌబాద్‌లో బహమనీ సుల్తానుల కాలంలో తవ్విన కరేజ్, అంటే భూమి లోపల సొరంగంలా సాగుతూ మధ్యమధ్య నిలువు బావుల ద్వారా పైకి తెరుచుకునే నీటి కాలువ, ఈ ప్రాంతపు మనుషులు నీటి కోసం ఎంత లోతుకు దిగారో చెబుతుంది. మంజీర మీద గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లో కట్టిన సింగూరు ప్రాజెక్టు దాదాపు 30 టీఎంసీల నీటిని నిలపగలదు. దాంతో బావుల సీమకు ఒక పెద్ద జలాశయం కూడా తోడైంది.

ఈ సీమలో నీటికి మందు అన్న గౌరవమూ ఉంది. జహీరాబాద్‌కు దగ్గరలోని ఝరాసంగంలో ఉన్న కేతకీ సంగమేశ్వరాలయ స్థలపురాణం ప్రకారం, కుపేంద్రుడు అనే రాజు అక్కడి నీటిలో స్నానం చేసి చర్మవ్యాధి నుంచి బయటపడి ఆలయాన్ని కట్టించాడు. ఇప్పటికీ భక్తులు అక్కడి గుండంలో స్నానం చేస్తారు. అదే సీమలో, అదే నీటిని గురించి, పిల్లవాడికి ఫిట్స్ వస్తాయని తెలిసిన ఇంట్లో పెద్దలు నీటి గండం, నిప్పు గండం అని చెప్పి బావిగట్టుకూ పొయ్యి దగ్గరకూ పోనివ్వకుండా కాపాడుకునేవారు. చర్మానికి మేలు చేస్తుందని నమ్మిన నీరే స్పృహ తప్పే వ్యాధిలో ప్రాణగండమని గుర్తించడంలో వైరుధ్యం ఏమీ లేదు, ఎందుకంటే మొదటిది విశ్వాసానికి సంబంధించిన మాట, రెండోది కళ్లెదుట చూసిన అనుభవం నేర్పిన మాట.

నీటి అడుగుకు దిగడం ఇక్కడ ఒక వృత్తి కూడా. తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టి బతికే ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాల నుంచి వచ్చే గజ ఈతగాళ్లు, ఎవరైనా చెరువులోనో జలాశయంలోనో మునిగినప్పుడు ఊపిరి బిగబట్టి అడుగుకు వెళ్లి వెతికేవారు. నేటికీ పోలీసులు, రెవెన్యూ అధికారులు ముందుగా పిలిచేది వారినే. బావిలో పడిన చేదను పాతాళగరిగెతో, అంటే గొలుసుకు కట్టిన కొక్కేల గుత్తితో, తీయడం కుదరనప్పుడు మునిగి తీసే కుర్రవాళ్లు ప్రతి ఊళ్లో ఉండేవారు. ఈత నేర్చుకునేవారి నడుముకు ఎండిన సొరకాయ బుర్రనో బెండునో కట్టి, గట్టు మీద ఒక పెద్దమనిషి తాడు పట్టుకుని నిలబడటం ఆ విద్యలోని తొలి జాగ్రత్త. ఈ పద్ధతి మొత్తం ఒకే నియమం మీద నిలుస్తుంది: నీటిలో ఉన్నవాడికి ఏ క్షణంలోనూ స్పృహ తప్పకూడదు. ఊపిరి ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు పైకి రావాలో నిర్ణయించేది ఆ స్పృహే. అది పోయినప్పుడు బలమూ అనుభవమూ రెండూ పనికిరావు.

చరకుడి జాగ్రత్త

మూర్ఛ అంటే మెదడులోని నాడీకణాల విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పి, కొన్ని క్షణాల నుంచి కొన్ని నిమిషాల దాకా స్పృహనో కదలికలనో ఇంద్రియ జ్ఞానాన్నో చెదరగొట్టే స్థితి; తక్షణ కారణమేదీ లేకుండానే అటువంటి స్థితి మళ్లీమళ్లీ వచ్చే స్వభావాన్ని మూర్ఛవ్యాధి అంటారు. ఆయుర్వేదం దీనిని అపస్మారం అన్నది. క్రీస్తు శకపు తొలి శతాబ్దాల్లో నేటి రూపానికి దగ్గరగా వచ్చిన చరకసంహిత, చికిత్సాస్థానంలోని పదో అధ్యాయాన్ని పూర్తిగా ఈ వ్యాధికి కేటాయించి, వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలతో నాలుగు రకాలుగా వివరించింది. చికిత్స చెప్పిన తర్వాత ఆ గ్రంథం ఒక కాపుదల నియమాన్ని చేర్చింది: అపస్మారం ఉన్నవారిని నీరు, నిప్పు, చెట్లు, కొండలు, ఎగుడుదిగుడు చోట్ల నుంచి ఎల్లప్పుడూ కాపాడాలని, ఉన్మాదం ఉన్నవారి విషయంలోనూ ఇదే పాటించాలని, అవి అక్కడికక్కడే ప్రాణం తీయగలవని దాని సారాంశం. నీటి గండం, నిప్పు గండం అని ఊళ్లలో అనుకునే మాటకూ ఈ నియమానికీ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ నియమంలో రెండు సంగతులు గమనించదగినవి. మొదటిది, నీరు వ్యాధిని తెచ్చిపెడుతుందని చరకుడు అనలేదు. వ్యాధి ఎక్కడ వచ్చినా రావచ్చు గాని, అది వచ్చిన చోటును బట్టి మనిషి బతుకుతాడో చనిపోతాడో తేలుతుందన్నది ఆయన గ్రహింపు. రెండోది, ఉన్మాదానికి తొమ్మిదో అధ్యాయాన్ని, అపస్మారానికి పదో అధ్యాయాన్ని విడివిడిగా ఇచ్చిన ఆ గ్రంథం వ్యాధులుగా ఈ రెంటినీ ఒకటి చేయలేదు, చోటును గురించిన జాగ్రత్తను మాత్రమే రెంటికీ ఉమ్మడిగా చెప్పింది. ఈ తేడాను తర్వాతి కాలం మరిచిపోయింది, ఆ మరుపు ఫలితం ఇరవయ్యో శతాబ్దపు వివాహ చట్టంలో కనిపిస్తుంది.

బీదర్, హైదరాబాద్ ప్రాంతాల్లో ఆయుర్వేదంతో పాటు వేళ్లూనిన యునానీ వైద్యం మూర్ఛను మెదడుకు చెందిన వ్యాధిగా చూసింది. పదకొండో శతాబ్దంలో ఇబ్న్ సీనా రాసిన వైద్య గ్రంథం దానిని మెదడు వ్యాధుల మధ్యనే వివరించింది. అంతకు చాలా ముందే, క్రీస్తు పూర్వం 400 ప్రాంతంలో, గ్రీకు వైద్యుడు హిప్పోక్రేటిస్ పేరున వచ్చిన గ్రంథం ఇది దేవతల కోపం వల్ల వచ్చేది కాదని వాదించింది. ఇన్ని సంప్రదాయాల పండితులు ఇది వ్యాధేనని చెప్పినా జనంలో దయ్యం, గాలి, శాపం వంటి నమ్మకాలు పోలేదు. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వంటి అలవాట్లు ఈనాటికీ తెలుగు ఊళ్లలో ఉన్నాయి. వాటివల్ల మూర్ఛ ఆగదు. చాలా మూర్ఛలు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి ఇనుము ఆపిందన్న భ్రమ కలుగుతుంది.

వేడినీళ్ల మూర్ఛ

నీరు వ్యాధిని తేదన్న నియమానికి దక్షిణ భారతంలోనే ఒక మినహాయింపు బయటపడింది. తల మీద వేడినీళ్లు గబగబా పోసుకున్నప్పుడు కొందరికి మూర్ఛ వస్తుంది. వేడినీళ్ల మూర్ఛ అని పిలిచే ఈ స్థితిని 1945లో న్యూజిలాండ్‌లో ఒక వైద్యుడు వర్ణించాడు గాని, దీని అసలు విస్తృతి తెలిసింది కర్ణాటకలో. బెంగళూరు నాడీవైద్యుడు కె.ఎస్. మణి 1960ల చివరి నుంచి ఈ రోగుల వివరాలు సేకరించారు, ఆయన బృందం 1972లో 60 మంది రోగుల లక్షణాలను ప్రచురించింది. ఆ తర్వాత నిమ్హాన్స్ సంస్థ పరిశోధకులు దీనిని లోతుగా అధ్యయనం చేశారు. దక్షిణాదిలో తలస్నానం అంటే కాగులోని వేడినీళ్లను చెంబుతో వెంటవెంటనే తల మీద గుమ్మరించుకోవడం. ఆ వేడి, ఆ వేగం, తల మీద పడే ఆ తాకిడి కలిసి, పుట్టుకతోనే అటువంటి స్వభావమున్న మెదడును కదిలిస్తాయని వైద్యులు భావిస్తారు. నీళ్ల వేడి తగ్గించడం, తల మీద కాక ముందు ఒంటి మీద పోసుకోవడం, కొందరికి స్నానానికి ముందు మందు వేసుకోవడం దీనికి చికిత్స. కర్ణాటక సరిహద్దున ఉన్న జహీరాబాద్ వంటి చోట తల్లులకు ఈ సంగతి తెలియడం అవసరం, ఎందుకంటే స్నానాల గది తలుపుకు లోపల గడియ పెట్టకపోవడం అనే చిన్న జాగ్రత్త ఇటువంటి పిల్లల ప్రాణం కాపాడుతుంది.

గాలి మోసుకుపోయే విద్య

ఊపిరి బిగబట్టే ఈతగాడికి నీటి అడుగున కొద్ది క్షణాలే దొరుకుతాయి. ఆ పరిమితిని దాటాలన్న ప్రయత్నం పందొమ్మిదో శతాబ్దంలో మలుపు తిరిగింది: లండన్‌లో అగస్టస్ సీబ్ రూపొందించిన లోహపు శిరస్త్రాణపు దుస్తు పై నుంచి గొట్టం ద్వారా గాలిని అందించింది, 1878 ప్రాంతంలో హెన్రీ ఫ్లూస్ తయారుచేసిన పరికరం గొట్టం అవసరం లేకుండా మనిషి తన ఆక్సిజన్‌ను తనే మోసుకుపోయే వీలు కల్పించింది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన ఆక్వాలంగ్, సిలిండర్‌లో కుక్కిన మామూలు గాలిని, డైవర్ పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోతుకు తగిన పీడనంతో నోటికి అందించే రెగ్యులేటర్ అనే పరికరంతో వచ్చింది. నేటి స్కూబా దాని వారసత్వమే. 1953లో బ్రిటన్‌లో, 1966లో అమెరికాలో ఏర్పడిన శిక్షణ సంస్థలు ఈ విద్యను నౌకాదళాల నుంచి సామాన్య యాత్రికుల చేతికి తెచ్చాయి. ఈనాడు అండమాన్, గోవా, నేత్రాణి, విశాఖపట్నం రుషికొండ తీరాల్లో ఒక్కరోజు శిక్షణతో నీటి అడుగు చూపించే కేంద్రాలు ఉన్నాయి, జహీరాబాద్ కుర్రవాళ్లకు కూడా ఆ తీరాలు దూరం కాదు.

ఈ విద్య సాగే తీరు తెలిస్తే ముప్పు ఎక్కడుందో తెలుస్తుంది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పది మీటర్ల అడుగున ఊపిరితిత్తుల్లో నిండిన గాలి ఉపరితలానికి వచ్చేసరికి రెట్టింపు చోటు కోరుతుంది. అందుకే ఊపిరి బిగబట్టి పైకి రాకూడదన్నది స్కూబాలో మొదటి పాఠం. మూర్ఛ తొలి దశలో ఒళ్లంతా బిగుసుకుపోయి గొంతు మూసుకుపోవచ్చు. ఆ స్థితిలో మనిషిని పైకి లాగితే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లి, బుడగలు రక్తంలోకి చేరి మెదడుకు పోయే ప్రమాదం ఉంది. పైకి తీసుకురాకపోతే పళ్ల మధ్య నుంచి రెగ్యులేటర్ జారిపోయి, కుదుపులు తగ్గి ఊపిరి తిరిగి మొదలైన వెంటనే గాలికి బదులు నీరు లోపలికి పోతుంది. నేల మీద రెండు నిమిషాల్లో ముగిసి, కాసేపటికి మనిషి లేచి కూర్చునే సంఘటన నీటి అడుగున ఇలా రెండు వైపులా మృత్యువుగా మారుతుంది, కాపాడబోయిన తోటి డైవర్ కూడా తొందరలో పైకి వచ్చి అదే ముప్పులో పడతాడు.

కాకినాడకు చేరిన దేహం

నీటి అడుగున మూర్ఛను గురించి వైద్యానికి తెలిసినదానిలో పెద్ద భాగం, మూర్ఛవ్యాధి లేని మనుషులు తమంత తాము కొనితెచ్చుకున్న మూర్ఛల ద్వారా తెలిసింది. 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్, అధిక పీడనంలో పీల్చిన ఆక్సిజన్ ప్రాణుల్లో మూర్ఛ తెప్పిస్తుందని చూపాడు. ఇక్కడ పాక్షిక పీడనం అనే మాట తెలియాలి: గాలి మొత్తం పీడనంలో ఆక్సిజన్ ఒక్కదాని వాటాను అలా అంటారు, నేల మీద అది సుమారు 0.21 వాతావరణాలు, లోతుకు పోయే కొద్దీ పెరుగుతుంది. ఆ వాటా ఒక హద్దు దాటితే ఆరోగ్యవంతుడి మెదడు కూడా మూర్ఛలోకి జారుతుంది.

1939 జూన్ 1న లివర్‌పూల్ తీరంలో పరీక్షా ప్రయాణంలో ఉన్న బ్రిటిష్ జలాంతర్గామి థీటిస్ మునిగి 99 మంది చనిపోయారు. ఆక్సిజన్ పరికరంతో బయటికి వచ్చి బతికినవారు నలుగురే. ఆ మరణాల కారణాలను తేల్చమని కార్మిక సంఘాలు కోరినప్పుడు, జన్యుశాస్త్రంలో అప్పటికే ప్రసిద్ధుడైన జె.బి.ఎస్. హాల్డేన్ ఆ పని చేపట్టారు. ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్, లోతు నుంచి ఎక్కడ ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో చెప్పే తొలి శాస్త్రీయ పట్టికలను 1908లో సహచరులతో కలిసి ప్రచురించినవారు. కొడుకు లండన్‌లో ఉక్కు పీడన గదుల్లో తన మీదా, సహచరుల మీదా, తర్వాత తన భార్య అయిన హెలెన్ స్పర్వే మీదా ప్రయోగాలు చేశారు; కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే ఏమవుతుందో, పీడనంలో నైట్రోజన్ మత్తు ఎలా ఎక్కుతుందో, శుద్ధ ఆక్సిజన్ ఎంత లోతులో ఎంతసేపటికి మూర్ఛ తెస్తుందో కొలిచారు. ఆ ప్రయోగాల్లో వచ్చిన ఒక మూర్ఛ తీవ్రతకు ఆయన వెన్నుపూసలు దెబ్బతిని నొప్పి చాలాకాలం వెంటాడింది. యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ ఈ పనిని మరింత విస్తరించి, 1947లో ప్రచురించిన ఫలితాల్లో ఒక కలవరపెట్టే సత్యం చెప్పారు: ఆక్సిజన్‌ను తట్టుకునే శక్తి మనిషికీ మనిషికీ మారడమే కాక, ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ మారుతుంది, మూర్ఛకు ముందు హెచ్చరిక లక్షణాలు వస్తాయన్న హామీ లేదు. ఆరోగ్యవంతులకే ఈ మాట వర్తిస్తున్నప్పుడు, అప్పటికే ఒకసారి మూర్ఛలోకి జారిన మెదడు విషయంలో వైద్యులు ఎందుకు జంకుతారో అర్థమవుతుంది; అటువంటివారిని పీడన గదిలో కూర్చోబెట్టి హద్దు ఎక్కడుందో పరీక్షించడం ఏ వైద్య నీతికీ సమ్మతం కాదు కాబట్టి, ఆ జంకును తీర్చే ప్రయోగం జరిగే వీలు లేదు.

హాల్డేన్ జీవితపు చివరి అధ్యాయం తెలుగు నేలతో ముడిపడింది. 1957లో ఆయన భారతదేశానికి తరలివచ్చి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో, తర్వాత భువనేశ్వర్‌లో పనిచేశారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై ఆంధ్రదేశంలో మేనరికపు పెళ్లిళ్ల మీద జన్యు పరిశోధన చేశారు. 1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో మరణించినప్పుడు, తన దేహం వైద్య విద్యార్థులకు పనికిరావాలన్న ఆయన కోరిక మేరకు దానిని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. 1958లో మొదలైన ఆ కళాశాల ఆయన అస్థిపంజరాన్ని భద్రపరిచింది. జలాంతర్గామి నావికులు ఊపిరి ఆడక చనిపోకూడదని ఇంగ్లండులో తన ఒంటి మీద మూర్ఛలు రప్పించుకున్న మనిషి ఎముకలు గోదావరి సీమలోని వైద్య విద్యార్థులకు పాఠమయ్యాయి. స్కూబా నియమాల వెనుక ఉన్న జ్ఞానం తెలుగువారికి పరాయిది కాదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

నేటి వైద్య నిర్ణయం

వినోదం కోసం చేసే డైవింగ్ సాధారణంగా 40 మీటర్లు దాటదు. 18 మీటర్ల లోతులో మామూలు గాలి పీల్చినప్పుడు ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.6 వాతావరణాలకు కొంచెం లోపలే ఉంటుంది, మూర్ఛ ముప్పు కారణంగా డైవర్లు పాటించే 1.4 నుంచి 1.6 హద్దుకు అది చాలా దూరం. కాబట్టి తక్కువ లోతులో ఆక్సిజనే మూర్ఛ తెస్తుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అసలు ముప్పు చరకుడు చెప్పినదే: ఎలాగైనా రాగల మూర్ఛ రాకూడని చోట వస్తుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారు నీట మునిగి చనిపోయే ముప్పు సాధారణ జనంతో పోలిస్తే 15 నుంచి 19 రెట్లు ఎక్కువని 2008లో బ్రిటిష్ పరిశోధకులు లెక్కగట్టారు. వారి లెక్క స్నానాలు, ఈతల వంటి మామూలు నీటి పనులకు సంబంధించినది, స్కూబాకు కాదు. దీనికి తోడు, మూర్ఛ మందుల్లో కొన్ని కలిగించే మగత, ముప్పై మీటర్ల లోతు నుంచి బలపడే నైట్రోజన్ మత్తు ఒకదానికొకటి తోడై నిర్ణయ శక్తిని తగ్గించవచ్చు.

ఈ కారణాల వల్ల అంతర్జాతీయ వినోద డైవింగ్ శిక్షణ మార్గదర్శకాలు, బాల్యంలో జ్వరంతో వచ్చిన ఫిట్స్ మినహా మూర్ఛ చరిత్ర మొత్తాన్నీ తీవ్ర ముప్పుగా వర్గీకరించాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రాంతపు డైవింగ్ వైద్యులు కూడా ఇదే దారిలో నడిచారు. బ్రిటన్ డైవింగ్ వైద్య కమిటీ ఒక ఇరుకు ద్వారం తెరిచింది: మందులన్నీ మానేసిన తర్వాత అయిదేళ్ల పాటు ఒక్క మూర్ఛ కూడా రానివారు, నిద్రలో మాత్రమే మూర్ఛ వచ్చినవారైతే మూడేళ్లు గడిచినవారు, నిపుణుల పరీక్ష తర్వాత దిగవచ్చు. 2014లో అంతర్జాతీయ మూర్ఛ నిరోధక సంఘం, పదేళ్లు మూర్ఛ లేకుండా, అందులో చివరి అయిదేళ్లు మందులు లేకుండా గడిపినవారిలో వ్యాధి తీరిపోయినట్టే భావించవచ్చని నిర్వచించింది. మందుతో మూర్ఛలు పూర్తిగా ఆగినవారికి ఈ ద్వారం తెరుచుకోదన్నది కొందరికి కఠినంగా తోచవచ్చు, అయితే ఒక మోతాదు మరిచిపోయినా, నిద్ర చాలకపోయినా, పడవ కుదుపులకు వాంతి అయి మాత్ర బయటికి పోయినా రక్షణ సడలుతుంది, దాని ఫలితం అనుభవించవలసింది పది మీటర్ల అడుగున.

ఒక్కసారే వచ్చిన మూర్ఛ విషయంలో కారణమే కీలకం. భారతదేశంలో పెద్దవారిలో కొత్తగా వచ్చే మూర్ఛలకు ఒక ముఖ్య కారణం బద్దెపురుగు లార్వాలు మెదడులో చేరడం. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 1980ల చివరి నుంచి చేసిన పని, స్కానింగ్‌లో కనిపించే చిన్న ఉంగరం వంటి మచ్చల్లో చాలావాటిని క్షయ గడ్డలుగా భావించడం పొరపాటని, అవి ఈ లార్వాలవని తేల్చింది. లార్వా చచ్చినా సున్నపు మచ్చ మిగిలిపోతే దాని నుంచి మళ్లీ మూర్ఛ రావచ్చు కాబట్టి, ఒక్కసారే వచ్చింది, తగ్గిపోయింది అన్న మాట మీద నీటిలోకి దిగడం తగదు. ఏ కారణమూ దొరకని తొలి మూర్ఛ తర్వాత మరొకటి వచ్చే అవకాశం మొదటి రెండేళ్లలోనే అధికం. డైవింగ్ కేంద్రం ఇచ్చే ఆరోగ్య పత్రంలో మూర్ఛను గురించిన ప్రశ్నకు నిజం రాయడం అందుకే ముఖ్యం. దాచిన నిజానికి మూల్యం ఆ డైవర్‌తో పాటు కాపాడబోయిన తోటివారు కూడా చెల్లిస్తారు. మూర్ఛలు అదుపులో ఉన్నవారు, సంగతి తెలిసి కాపాడగల తోడు గట్టునో పక్కనో ఉండగా, స్పష్టంగా అడుగు కనిపించే కొలనులో ఈత కొట్టడానికి చాలామంది వైద్యులు అనుమతిస్తారు.

నీటిని దాటిన నిషేధం

జాగ్రత్త వేరు, వెలివేత వేరు అన్న సంగతిని భారత చట్టం కొంతకాలం మరిచిపోయింది. 1955 హిందూ వివాహ చట్టంలోని అయిదో సెక్షన్‌ను 1976లో సవరించినప్పుడు, తరచూ ఉన్మాదమో మూర్ఛో వచ్చేవారిని వివాహానికి తగనివారి జాబితాలో చేర్చారు. 1954 ప్రత్యేక వివాహ చట్టంలోకి కూడా ఇదే మాట వచ్చింది. చరకుడు వేర్వేరు అధ్యాయాల్లో ఉంచిన రెండు వ్యాధులను చట్టం ఒకే వాక్యంలో కలిపి, చోటును గురించిన జాగ్రత్తను మనిషి యోగ్యతను గురించిన తీర్పుగా మార్చింది. దాని ప్రభావం న్యాయస్థానాల్లో కన్నా ఇళ్లలో ఎక్కువ: ఆడపిల్లకు ఫిట్స్ ఉన్నాయని బయటపడితే పెళ్లి ఆగుతుందన్న భయంతో మందులు దాచిపెట్టి వేయడం, అత్తవారింట మానేయడం, మానేసినందువల్ల వంట పొయ్యి దగ్గరో నీళ్ల తొట్టి దగ్గరో మూర్ఛ రావడం వంటి కష్టాలు ఆ భయం నుంచే పుట్టాయి. చట్టం రక్షణ పేరుతో పెట్టిన నిషేధం నీటి గండాన్ని, నిప్పు గండాన్ని మరింత పెంచింది.

మూర్ఛరోగుల పక్షాన వైద్యులూ సంఘాలూ చేసిన కృషి తర్వాత 1999 వివాహ చట్టాల సవరణ ఆ రెండు చట్టాల నుంచి మూర్ఛ అన్న మాటను తొలగించింది. వాహనం నడపడం విషయంలో మాత్రం నిషేధం నిలిచింది. డ్రైవింగ్ లైసెన్సు కోరేవారు మూర్ఛ ఉందో లేదో ఇప్పటికీ ప్రకటించవలసిందే. ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెడితే న్యాయమైన గీత ఎక్కడుందో కనిపిస్తుంది: క్షణం స్పృహ తప్పినా ప్రాణాలు పోయే పనుల్లో హద్దు నిలవాలి, మిగిలిన జీవితమంతటా తొలగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉంది, సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం మంది మూర్ఛలు లేకుండా బతకగలరు. 1912లో వాడుకలోకి వచ్చిన ఫినోబార్బిటాల్, 1938లో వచ్చిన ఫినైటోయిన్ వంటి చవక మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ దొరుకుతాయి. లోపమల్లా వాటిని క్రమం తప్పకుండా వాడనివ్వని సిగ్గులో ఉంది.

కాబట్టి జహీరాబాద్ సీమలో ఫిట్స్ వచ్చిన ఒక యువకుడికి గాని యువతికి గాని వైద్యుడు చెప్పవలసిన మాటలో రెండు భాగాలు ఉండాలి, రెండూ ఒకేసారి చెప్పాలి. మొదటిది: బాల్యపు జ్వరపు ఫిట్స్ కాక మరే మూర్ఛ వచ్చినా స్కూబా డైవింగ్ సురక్షితం కాదు, మందులు లేకుండా ఏళ్ల తరబడి మూర్ఛ రానివారు కూడా నాడీవైద్యుడితో పాటు డైవింగ్ వైద్యం తెలిసినవారి పరీక్ష తర్వాతే ఆ ఆలోచన చేయాలి, బావిగట్టు, చెరువు విషయంలో తోడు తప్పనిసరి, స్నానాల గదికి లోపల గడియ పెట్టకూడదు, నీటిలో మూర్ఛ వస్తే ముఖం నీటిపైన ఉండేలా తల పట్టుకుని కుదుపులు ఆగాక గట్టుకు చేర్చాలి, గట్టు మీద వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండోది: చదువు, పెళ్లి, సంతానం, స్పృహ మీద ఇతరుల ప్రాణాలు ఆధారపడని ఏ ఉద్యోగమైనా పూర్తిగా వారి హక్కు. మొదటి భాగాన్ని మాత్రమే చెప్పే ఇల్లు మనిషిని మూల కూర్చోబెడుతుంది. రెండో భాగాన్ని మాత్రమే చెప్పే ఉత్సాహం ప్రాణం మీదకు తెస్తుంది. రెండు వేల ఏళ్ల అనుభవం, ఒక శాస్త్రవేత్త వెన్నుపూసలు, ఒక చట్ట సవరణ కలిసి నేర్పిన పాఠం ఈ రెంటినీ కలిపి పట్టుకోమనే.